నాన్న నుంచి వచ్చిన తిమ్మిరి

ఆ లాండ్రీ షాపులో ముందు బట్టలు తీసుకునే బల్ల ఉంటుంది. దాని వెనక ఆవిరి ఇస్త్రీ పెట్టెలు రెండు, వాటి వెనక కిటికీ పక్కన ఒక ఎత్తు స్టూలు. పందొమ్మిదేళ్ళుగా ఆ స్టూలు ఆవిడది. అందరూ ఆవిడని రఫూ అక్క అంటారు. షాపు యజమాని ఆవిడ కంటే పదిహేనేళ్ళు పెద్దవాడు. ఆయనకీ ఆవిడ అక్కే.

నిప్పురవ్వ పడి చిల్లుపడ్డ కోటు, మేకు తగిలి చీరుకుపోయిన ప్యాంటు ఆవిడ ముందుకి వస్తాయి. ఆ బట్ట లోపలి మడతలోంచే నాలుగు పోగులు లాగి, వాటితోనే చిరుగు మీద మళ్ళీ నేత నేస్తుంది. అదే రఫూ. బాగా కుదిరితే చిరిగింది ఎక్కడో చింపుకున్నవాడికే తెలియదు. ఇంత సన్నటి పనికి కళ్ళు బాగుండాలని అందరూ అంటారు గానీ, ఆవిడ మాత్రం వేళ్ళు బాగుండాలి అనేది. సూది ఒక పోగు మీదుగా, ఇంకో పోగు కిందుగా పోతోందో లేదో బట్ట అడుగున పెట్టిన ఎడమచేతి చూపుడువేలు చెప్తుంది. కళ్ళకి తెలిసేది ఆ తర్వాతే.

ఆవిడకి నలభై ఒకటో ఏడు నడుస్తుండగా ఒక మధ్యాహ్నం తెల్లటి నార చొక్కా ఒకటి ఒళ్ళో పెట్టుకుని పని చేస్తోంది. కాలరు కింద ఎర్రటి చుక్క కనిపించింది. ఎవరి నెత్తురో అనుకుంది ముందు. బట్ట తిప్పి చూస్తే సూది తన వేలి కొసలోనే నిలబడి ఉంది. పావు అంగుళం దిగింది. నొప్పి లేదు. సూదిని పీకుతున్నప్పుడు కూడా, ఎవరిదో వేలు పట్టుకుని పీకుతున్నట్టే ఉంది.

మన నెత్తురు మరక మన ఉమ్మితోనే పోతుందని కుట్టుపని చేసేవాళ్ళకి తెలుసు. దారం ముక్క నోట్లో నాన్చి, దానితో ఆ చుక్కని అద్దుతూ అద్దుతూ మరక పోగొట్టింది. తర్వాత రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఇస్త్రీ ఆయన ఒంట్లో బాగాలేదా అని అడిగితే, కళ్ళు లాగుతున్నాయని చెప్పింది. అలా మొదలైంది అబద్ధం.

ఎందుకంటే అదేమిటో ఆవిడకి తెలుసు. పేరు తెలియదు, అంతే.

వాళ్ళ నాన్న పోస్ట్‌మాన్. రోజుకి పది పన్నెండు కిలోమీటర్లు నడిచేవాడు. ఆవిడ బళ్ళో చదువుతున్న రోజుల్లో, ఒక సాయంత్రం ఆయన ఇంటికొచ్చి బూటు విప్పితే లోపల్నుంచి తాళంచెవి పడింది. మేజోడు నెత్తురుతో తడిసిపోయింది. పొద్దున్నుంచీ దాని మీదే నడిచాడు. వాళ్ళమ్మ లబోదిబోమంటుంటే ఆయన ఆ తాళంచెవిని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికోసం ఆఫీసంతా తలకిందులు చేశారే" అని నవ్వాడట. ఆ మర్నాటి నుంచీ వాళ్ళమ్మ రోజూ బూట్లు బోర్లించి దులిపి ఇచ్చేది. కాళ్ళ తర్వాత చేతులు మొద్దుబారాయి. ఆ తర్వాత తిన్నది ఒంటబట్టడం మానేసింది. చివరికి గుండె. నలభై తొమ్మిదేళ్ళకి పోయాడు. డాక్టర్లు చక్కెర జబ్బన్నారు. పరీక్షలో చక్కెర లేదు. ఆయన తల్లి కూడా అలాగే కాళ్ళు చచ్చుబడి మంచం మీదే పోయిందని ఆ తర్వాతెప్పుడో తెలిసింది. మా వంశంలో ఆస్తులు దిగలేదు గానీ తిమ్మిర్లు దిగాయి అని ఆవిడ తమ్ముడు జోకు వేసేవాడు. వాడు మేడలకి రంగులు వేస్తాడు, ఆవిడ కంటే అయిదేళ్ళు చిన్న.

నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. పొద్దున్న లేవగానే దుప్పటి అంచుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసుకునేది. తెలిసినట్టే ఉండేది. నిజంగా తెలుస్తోందో, తెలియాలన్న కోరిక వల్ల తెలుస్తోందో అర్థమయ్యేది కాదు. వేళ్ళు చెప్పనిది కళ్ళతో చూడ్డం మొదలుపెట్టింది. గంట పని మూడు గంటలు పట్టేది. ఒకరోజు యజమాని ఒక కోటు చెయ్యి తెచ్చి దీపం కింద పరిచాడు. రఫూ చేసిన చోట బట్ట ముడుచుకుపోయి ఉంది.

"అక్కా, ఇది నువ్వు చేసిందేనా?" అన్నాడాయన.

ఆవిడ ఆ ముడతని బొటనవేలితో సాగదీసి చూసింది. ఆయన మళ్ళీ అడగలేదు. కోటు మడిచి ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది అనుకుంది.

గుట్టు బయటపెట్టింది ఒక కాలి చెప్పు. ఒక సాయంత్రం ఆవిడ బస్సు దిగి, కూరలు కొనుక్కుని, రెండు వీధులు నడిచి ఇంటికొచ్చింది. తలుపు తీసిన కూతురు కిందికి చూసి, "అమ్మా, నీ ఎడమకాలి చెప్పేది?" అంది. ఆవిడా చూసుకుంది. ఒక కాలికి చెప్పుంది, ఇంకో కాలికి లేదు. ఎక్కడ జారిపోయిందో తెలియదు. అరికాలు కంకర గీసుకుని మట్టి కొట్టుకుపోయింది. కూతురికి పందొమ్మిదేళ్ళు, కాలేజీలో చదువుతోంది. చెప్పు తెగిందా అని అడగబోయి తల్లి మొహం చూసి ఆగిపోయింది. గుమ్మంలోనే కూలబడిన తల్లి కాలు తన ఒళ్ళోకి తీసుకుని, వేలితో ఒక్కోచోటా నొక్కుతూ, తెలుస్తోందా, ఇక్కడ తెలుస్తోందా అని అడిగింది.

ఆవిడ భర్త బస్సు డ్రైవరు. మాటల్లో పొదుపు మనిషి. ఆ సంగతి విని మర్నాడు డ్యూటీకి సెలవు పెట్టి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు.

అక్కడ నరాల డాక్టరమ్మ ఒకావిడ తండ్రి కథ అంతా విని, తాళంచెవి సంగతి రెండుసార్లు చెప్పించుకుంది. కరెంటు తీగలు పెట్టి నరాల వేగం చూశారు, గుండెకి స్కానింగ్ చేశారు, నెత్తురు తీసి జన్యు పరీక్షకి పంపారు. మూడు వారాలకి జవాబొచ్చింది. జబ్బుకి నోరు తిరగని పేరుంది. ఆవిడ దాన్ని నాన్న జబ్బు అనే అంటూ వచ్చింది.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. కాలేయం ఒక ప్రొటీన్ తయారుచేస్తుంది, అది అందరిలోనూ ఉంటుంది. ఈ కుటుంబంలో దాన్ని తయారుచేయించే జన్యువులో ఒకే ఒక్క అక్షరం తప్పు పడింది. దానివల్ల ఆ ప్రొటీన్ కుదురుగా మడత పడదు. విడిపోయి, పీచులా మారి, నరాల చుట్టూ, గుండె కండరంలో పేరుకుంటుంది. బట్టలారబెట్టే యంత్రం జల్లెడలో రోజూ పేరుకునే నూగు గుర్తొచ్చింది ఆవిడకి. దాన్నయితే దులిపి పారేస్తారు.

తోబుట్టువులకీ, పిల్లలకీ కూడా వచ్చే అవకాశం సగానికి సగం అని డాక్టరమ్మ అంది. ఆవిడ తన వేళ్ళ సంగతి ఆ క్షణంలో మరిచేపోయింది. బయట బెంచీ మీద కూతురు ఫోను చూసుకుంటూ కూర్చుని ఉంది.

ముందు తమ్ముడికి చెప్పాలనుకుంది. వాడు అయిదంతస్తుల భవనానికి రంగు వేస్తున్నాడు. మధ్యాహ్నం కిందికి దిగేదాకా ఇసుకకుప్ప పక్కన నిలబడి ఎదురుచూసింది. పైన రెండు తాళ్ళకి కట్టిన పలక మీద వాడు నిలబడి గోడకి రోలరు తిప్పుతుంటే, ఆవిడ చూపంతా వాడి పాదాల మీదే ఉంది. వాడు దిగి వచ్చాక విన్నాడు. చేతులకంటిన రంగు ఒక్కో వేలూ గుడ్డకి తుడుచుకున్నాడు.

"నేను పరీక్ష చేయించుకోనక్కా," అన్నాడు చివరికి. "తెలిసి ఏం చేయను? తాడు మీద నిలబడి కాళ్ళ గురించి ఆలోచించినోడు కింద పడతాడు."

"ఆలోచించకపోయినా పడొచ్చు కదరా."

"అప్పుడు తెలియకుండా పడతాను," అని నవ్వి, మళ్ళీ పైకెక్కాడు.

జబ్బుకి రెండు దారులున్నాయని డాక్టరమ్మ చెప్పింది. ఒకటి, మూడేసి నెలలకోసారి ఇంజెక్షన్, బతికినన్నాళ్ళూ. అది ఆ ప్రొటీన్‌ని తగ్గిస్తుంది. సరఫరా సరిగ్గా లేదు, మధ్యలో ఆగితే జబ్బు మళ్ళీ మొదలు. రెండోది ఇంకా ప్రయోగ దశలో ఉంది. ఒకే ఒక్కసారి సెలైన్‌లా ఎక్కిస్తారు. కొవ్వు బిందువుల్లో పెట్టిన మందు కాలేయంలోకి వెళ్ళి, ఆ జన్యువునే ఎడిట్ చేస్తుంది. కొందరికి ఇచ్చి చూశారు, బాగానే ఉన్నారు. ఈ ఆసుపత్రిలో పదిమందికి ఇవ్వబోతున్నారు.

సంతకాల రోజున ముప్ఫై పేజీల కాగితాలు ముందు పెట్టారు. భర్త ప్రతి పేజీ చదివాడు. ఆవిడ మాత్రం అడగాల్సింది నేరుగా అడిగింది.

"అంటే తప్పు పడిన చోట మీరు రఫూ చేస్తారన్న మాట."

డాక్టరమ్మ నవ్వలేదు. "కాదమ్మా. సరిచేయం. అక్కడ కత్తిరించి వదిలేస్తాం. కణం తనంతట తనే దాన్ని అతికించుకుంటుంది, కానీ వంకరగా అతికించుకుంటుంది. దాంతో ఆ జన్యువు ఇక పనిచేయదు. చెడ్డ ప్రొటీనూ రాదు, మంచిదీ రాదు. మంచిది లేకపోయినా మనిషి సర్దుకోగలడని ఇప్పటిదాకా చూశాం. ఒక విటమిన్ బిళ్ళ మాత్రం రోజూ వేసుకోవాలి."

"కత్తిరించి ముడెయ్యకుండా వదిలేస్తే పక్క పోగులు కూడా ఊడొస్తాయి కదండీ."

"అందుకే పక్కన ఎక్కడైనా తెగుతోందేమో అని చాలా వెతికాం. కనిపించలేదు. కనిపించలేదు అంటున్నాను, లేదు అనడం లేదు."

"తర్వాత వద్దనుకుంటే వెనక్కి తీయచ్చా?"

"తీయలేం."

ఇంకో ప్రశ్న మిగిలింది. తనకి కత్తిరిస్తే కూతురికి కూడా పోతుందా అని. పోదు, ఇది మీ కాలేయం వరకే అంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చేటప్పుడు భర్తని ఏమంటారని అడిగితే, నీ ఇష్టమే నా ఇష్టం అన్నాడాయన. ఆవిడకి ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళ కాపురంలో ఎన్నడూ లేనిది నడివీధిలో నిలబడిపోయి, నీడని అడిగినా ఇంతకంటే ఎక్కువ చెప్తుందండీ, మీ మాటేదో చెప్పండి అని నిలదీసింది. "మీ నాన్నని ఆఖరి ఏడాది నేనే ఎత్తి కూర్చోబెట్టేవాణ్ణి. చివరికి ఎంత తేలికైపోయాడో నాకు తెలుసు," అన్నాడు. మర్నాడు ఆవిడ సంతకం పెట్టింది. కలం జారిపోకుండా రెండు వేళ్ళ బదులు పిడికిట్లో పట్టుకుంది.

మందు ఎక్కించిన గదిలో రెండు మంచాలున్నాయి. రెండో మంచం మీద లెక్కల మాస్టారు. యాభై దాటిన మనిషి, పొడుగ్గా ఉంటాడు, అదే జబ్బు. జీవితమంతా పిల్లల లెక్కలు దిద్దాను, తప్పు నా లోపలే ఉందని ఇప్పుడు చెప్తున్నారు అని ఆయన పరిచయం చేసుకున్నాడు. ముందు అలర్జీ రాకుండా మందులిచ్చారు. తర్వాత చిన్న సంచీ వేలాడదీశారు. నీళ్ళలాగే ఉంది. ఇరవై నిమిషాలకి ఆవిడ నడుము విరిగిపోతున్నట్టు నొప్పి లేచి, మొహం ఎర్రబడింది. నర్సు పరుగున వచ్చి చుక్కల వేగం తగ్గించింది. నొప్పి సర్దుకుంది. నాలుగు గంటల్లో సంచీ ఖాళీ అయింది. ఒంట్లో ఎక్కడో ఏదో తెగుతోందని తెలిసి కూడా, అది ఎక్కడో ఎప్పుడో తెలియకుండా పడుకోవడం చాలా వింతగా ఉందని ఆవిడ తర్వాత చెప్పింది.

వారానికోసారి నెత్తురు పరీక్ష. మూడు వారాలు అంతా బాగుంది. నాలుగో వారం, ఆవిడ షాపులో బొత్తాలు కుడుతుండగా ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. ప్రయోగం చూసుకునే నర్సు గొంతు ఎప్పట్లా లేదు. వేరే దేశంలో ఇదే మందు తీసుకున్న ఒకరికి కాలేయం బాగా దెబ్బతిందట. కొత్తవాళ్ళకి ఇవ్వడం ఆపేశారు. మీరు రేపు కాదు, ఇవాళే వచ్చి నెత్తురు ఇవ్వాలి అంది. వాళ్ళకెలా ఉందని ఆవిడ అడిగింది. మాకూ పూర్తిగా తెలియదమ్మా అంది నర్సు.

అప్పటి నుంచీ దినదినగండం నూరేళ్ళాయుష్షు అన్నట్టు గడిచింది. షాపులో బట్టలు వేసి చూసుకునే నిలువుటద్దం ఉంది. ఆవిడ గంటకోసారి దాని దగ్గరికి వెళ్ళి, కింది రెప్ప లాగి కంటి తెల్లగుడ్డు చూసుకునేది. ట్యూబులైటు కింద అన్నీ పచ్చగానే కనిపించేవి. వీధిలోకి వెళ్ళి ఎండలో చూడమని ఇస్త్రీ ఆయనని అడిగేది. ఆయన చూసి, తెల్లగానే ఉన్నాయక్కా అనేవాడు. పది నిమిషాలకి మళ్ళీ అడిగినా విసుక్కోకుండా మళ్ళీ చూసేవాడు. ఇంట్లో తిన్నది అరగకపోతే కాలేయమే అనుకునేది, ఆకలేస్తే జబ్బు ముదిరి ఆకలేస్తోందనుకునేది. వెనక్కి తీయలేం అన్న మాట చెవిలో జోరీగలా తిరిగేది.

కాలేయం దెబ్బతింటే పెరిగే అంకె ఒకటి ఉంటుంది. మామూలుగా అది నలభై లోపు ఉండాలి. ఆవిడది నూట అరవైకి వచ్చింది. రెండు రోజులకి రెండు వందల నలభై. స్టెరాయిడ్ బిళ్ళలు మొదలుపెట్టారు. మాస్టారిది ఎనిమిది వందలు దాటింది. ఆయన్ని ఆసుపత్రిలో చేర్చారు.

ఆవిడ చూడ్డానికి వెళ్ళింది. వెళ్ళకుండా ఉండలేకపోయింది. మాస్టారి మొహం, అరచేతులు పసుప్పచ్చగా ఉన్నాయి. ఆయన ఆవిడ అంకె అడిగి తెలుసుకుని, "నువ్వు పాసవుతావమ్మా," అన్నాడు. "నేను మాత్రం మార్కులు ఎక్కువ తెచ్చుకుని ఫెయిలయ్యే రకం."

నవ్వలేక ఏడవలేక ఆవిడ ఆయన దుప్పటి సర్దింది. ఆ దుప్పటి ముతకదో మెత్తనిదో వేళ్ళకి తెలియలేదు.

ఆ రోజుల్లోనే కూతురు ఒక మాట అంది. తల్లి వేసుకునే బిళ్ళలు డబ్బాలో సర్దుతోంది ఆ పిల్ల. తల ఎత్తకుండా, "నేనూ పరీక్ష చేయించుకుంటానమ్మా," అంది. తల్లి వెంటనే వద్దంది. తెలియకపోతే ముప్పు పొంచి ఉంటుంది, తెలిస్తే ఇంట్లోకొచ్చి కూర్చుంటుంది. ఆ పిల్ల చేతిలోంచి గ్లాసు జారినా, మెట్ల మీద కాలు తడబడినా తల్లి చేస్తున్న పని వదిలి చూసేది.

అయిదో వారం చివర ఆవిడ అంకె రెండు వందల పదికి దిగింది. తర్వాత నూట ముప్ఫై, ఎనభై. ఇంకో నెల తిరిగేసరికి నలభై లోపుకి వచ్చింది. మాస్టారిది వెయ్యి దాటి, నాలుగు రోజులు అక్కడే నిలబడి, మెల్లిగా దిగడం మొదలుపెట్టింది. పదిహేడు రోజులు ఉంచి ఇంటికి పంపారు. ఆయన ఫోను చేసి గ్రేసు మార్కుల మీద పాసయ్యానమ్మా అన్నాడు.

వేరే దేశంలోని ఆ మనిషి మాత్రం బతకలేదు. ఈ సంగతి డాక్టరమ్మ దాచకుండా చెప్పింది, ఇందులో ఉన్నవాళ్ళందరికీ చెప్పాలి కాబట్టి. ఆడా మగా అని ఆవిడ అడిగింది. వివరాలు చెప్పకూడదమ్మా అంది డాక్టరమ్మ. ఆవిడ ఇంటికొచ్చి ఆ పూట ఏమీ ముట్టలేదు. తన ఒంట్లోకి ఎక్కిన నీళ్ళలాంటి మందే ఆ మనిషి ఒంట్లోకీ ఎక్కింది. ఆ రోజు ఆ మనిషి కూడా ఇలాగే కాగితాల మీద సంతకం పెట్టి ఉంటాడు, లేదా ఉంటుంది. బతికినందుకు సంతోషించాలో సిగ్గుపడాలో తేల్చుకోలేకపోయింది.

మందు పనిచేసింది. ఆ ప్రొటీన్ నెత్తురులో పదోవంతుకి పడిపోయింది, మళ్ళీ పెరగలేదు. కానీ అప్పటికే పాడైన నరాలు తిరిగి రావని ముందే చెప్పారు, అలాగే రాలేదు. రెండేళ్ళ తర్వాత కూడా వేలికొసలు ఎక్కడ ఆగాయో అక్కడే ఉన్నాయి. తిమ్మిరి ముంజేతి దాకా పాకలేదు, కాలి చీలమండ దాటలేదు. తండ్రికి ఈపాటికి మోకాళ్ళ దాకా వచ్చింది.

సన్నటి రఫూ ఇక ఆవిడ వల్ల కాలేదు. ఆ విషయం తనే యజమానికి చెప్పింది. పట్టు, నార బట్టలు వేరే చోటికి పంపమంది. ముతక ఉన్ని కోట్లు మాత్రం భూతద్దం కింద పెట్టుకుని చేస్తోంది. మిగతా సమయం జిప్పులు మారుస్తుంది, అంచులు కుడుతుంది. వెళ్ళిపోయే ముందు వేళ్ళన్నీ దీపం కింద ఒక్కోటీ తిప్పి చూసుకుంటుంది, ఎక్కడైనా సూది గుచ్చుకుని ఉందేమో అని. స్టూలు ఇప్పటికీ ఆవిడదే.

కూతురు జన్యు పరీక్షకి ముందు సలహా ఇచ్చే నర్సు దాకా వెళ్ళి, గంట మాట్లాడి, ఇప్పుడు కాదు, చదువు పూర్తయ్యాక అని తిరిగొచ్చింది. అది ఆ పిల్ల నిర్ణయం. తల్లి దాన్ని ఒప్పుకుంది గానీ, అలవాటు పడలేదు.

తమ్ముడు మాత్రం ఒక వాన పడుతున్న మధ్యాహ్నం షాపుకొచ్చాడు. తల తుడుచుకోకుండా ఆవిడ స్టూలు పక్కన నిలబడి కుడిచెయ్యి చాపాడు. బొటనవేలి మొదట్లో కండ పల్చబడి గుంట పడింది. రంగు బ్రష్షు జారిపోతోందక్కా అన్నాడు. ఎన్నాళ్ళనుంచిరా అంటే, నువ్వు ఇసుకకుప్ప దగ్గరికి వచ్చినప్పటి నుంచీ అన్నాడు. ఆవిడకి కోపం రాలేదు. నాలుగు నెలలు తానూ అదే చేసింది.

వాడి పరీక్షలో అదే తప్పు, అదే చోట. అప్పటికి ప్రయోగం ఆగే ఉంది. వాడు తాళ్ళ పని మానేసి గదుల లోపల రంగులు వేస్తూ, దొరికినప్పుడు ఇంజెక్షన్ తీసుకుంటూ ఏడాది గడిపాడు. తర్వాత మళ్ళీ మొదలుపెట్టారు, ఈసారి గట్టి జాగ్రత్తలతో. మందిచ్చాక కొన్నాళ్ళు ఆసుపత్రిలోనే ఉండాలి, రోజు విడిచి రోజు నెత్తురు పరీక్ష, అంకె కొంచెం పెరిగినా వెంటనే స్టెరాయిడ్. వాడు కాగితాలు చదవలేదు. బావ చదివాడుగా అన్నాడు. ఆవిడ కూర్చోబెట్టి, ఈసారి పెరిగి ముప్ఫై ఏడైన పేజీలన్నీ వాడికి చదివి వినిపించింది. ఒకరు చనిపోయారన్న వాక్యం ఇప్పుడు అందులో ఉంది. దాన్ని రెండుసార్లు చదివింది.

మందెక్కించే రోజు వాడి పక్కన కుర్చీలో కూర్చుంది. తనకి ఎక్కించినప్పుడు కూడా ఇంత భయం వేయలేదు. అప్పుడు తన ప్రాణం, తన సంతకం. ఇప్పుడు వాడు తనని చూసే ఇక్కడికి వచ్చాడు.

నర్సు సంచీ తగిలించి బిగించింది. వాడు ఆ గొట్టంలో మొదటి చుక్క జారడం చూశాడు.

"నీకు భయమేసిందా అక్కా, అప్పుడు?"

"వేసింది."

"ఇప్పుడు పోయిందా?"

ఆవిడ అబద్ధం చెబుదామా అని ఆలోచించింది. "లేదురా," అంది. "పరీక్షకి వెళ్ళిన ప్రతిసారీ వేస్తుంది. ఇంకో పన్నెండేళ్ళు వెళ్ళాలట."

వాడు తల ఊపాడు. అలర్జీ మందు మత్తుకి కళ్ళు మూతలు పడుతున్నాయి. ఇరవై నిమిషాలకి నడుము నొప్పి వస్తుందని, వస్తే చెప్పమని ఆవిడ రెండుసార్లు చెప్పింది. వాడు సరేనంటూనే నిద్రలోకి జారుకున్నాడు. ఆవిడ గోడ గడియారం చూసింది. వాడి మొహం ఎర్రబడుతోందేమో అని వంగి చూసింది. వాడి గోళ్ళ కింద గోడలకి వేసిన నీలం రంగు ఇంకా పోలేదు. కుర్చీ మంచానికి ఇంకొంచెం దగ్గరగా జరుపుకుంది.